ఏమీ జరగని రోజు

జయానందం సారుకు ఏ పూట ఎలా గడిచిందో ఆయన్ను అడగక్కరలేదు. నడక చూస్తే తెలిసిపోతుంది. సంతోషంగా ఉంటే మడమలు నేలకు ఆనవు. రోడ్డు మధ్యలో నడుస్తూ, ఎదురైన ప్రతివాళ్ళనూ పేరు పెట్టి పిలుస్తాడు. మనసు బాగాలేకపోతే గోడల పక్కనుంచి తల వంచుకుని పోతాడు, పిలిచినా పలకడు. యాభై ఏడేళ్ళ మనిషి. మెదక్‌లో ఆడపిల్లల సర్కారు బడిలో ఆటల టీచరు. భార్య సుశీల పోయి ఆరేళ్ళయింది. ఒక్కగానొక్క కూతురు నిస్సి పెళ్ళి చేసుకుని సిద్దిపేటలో ఉంటోంది. ఇంట్లో ఆయన ఒక్కడే.

ఆ సాయంత్రం ఆయన మడమలు అసలు నేల మీద లేవు. ఆయన తయారుచేసిన ఖోఖో పిల్లలు నిజామాబాద్‌లో జోనల్ పోటీలు గెలిచి కప్పు తెచ్చారు. పిల్లలందరినీ హాస్టల్లో దింపి, మెడలో ఈల కూడా తీయకుండా, చేతిలో దూద్‌పేడ డబ్బాతో ఆయన తన ఇంటికి కాక చర్చి వెనక వీధిలోకి నడిచాడు. అక్కడ లలిత ఇల్లుంది.

లలిత బస్టాండు దగ్గర ఒక దవాఖానలో నర్సు. భర్త ఆర్టీసీలో కండక్టరుగా పనిచేస్తూ పదేళ్ళ కిందట జబ్బుచేసి పోయాడు. పిల్లలు లేరు. అప్పటినుంచీ అత్త నిర్మలమ్మ, ఆమె, ఇద్దరే. చుట్టాలు ఎంత చెప్పినా ఆమె పుట్టింటికి పోలేదు, అత్త తన కూతురింటికీ పోలేదు. ఆటలో కాలు బెణికిన పిల్లల్నీ, మోకాళ్ళు చెక్కుకుపోయిన పిల్లల్నీ జయానందం మూడేళ్ళుగా లలిత దగ్గరికే తీసుకుపోతున్నాడు. ఆమె కట్టు కడుతూ పిల్లల్ని ఊరడిస్తుంది, సారును తిడుతుంది. ఆ తిట్లు వినడం ఆయనకు ఎప్పుడు అలవాటైందో ఆయనకే తెలియదు.

గేటు తీసేసరికి నిర్మలమ్మ వరండాలో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలకు నార తీస్తోంది. లలిత అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

"గెలిచినం సిస్టర్!"

"గేటు కాడనే తెల్సింది సార్, మీ నడక చూసి. కూసోండ్రి."

ఆయన కూర్చోలేదు. డబ్బా నిర్మలమ్మ ఒళ్ళో పెట్టి, నిలబడే ఉన్నాడు. "సిస్టర్, ఒక మాట అడుగుత. మస్తు దినాల సంది అడుగుదామనుకుంటున్న. మనిద్దరం పెండ్లి చేసుకుందామా?"

నిర్మలమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. లలిత కొళాయి కట్టేయడం మరిచిపోయింది. ముందు తేరుకున్నది నిర్మలమ్మే.

"ముందుగల్ల ఆ సిస్టర్ అనుడు బంద్ చెయ్యి బిడ్డా. సిస్టర్‌ను పట్టుకొని పెండ్లంటవేంది?"

జయానందం చెవులు ఎర్రబడ్డాయి కానీ ఉత్సాహం తగ్గలేదు. లలిత కొళాయి కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుని మెట్టు మీద కూర్చుంది. ఆమెకు నవ్వొస్తోంది, కళ్ళలో నీళ్ళూ వస్తున్నాయి. రెండూ కనబడకుండా గొంతు సవరించుకుంది.

"మా అత్తమ్మను ఇడిసిపెట్టి నేను యాడికీ రాను సార్."

"ఎవలు ఇడిసిపెట్టుమన్నరు? అత్తమ్మ సుత రావాలె. ఇల్లు పెద్దగనే ఉన్నది."

"మీ నిస్సి ఏమంటది?"

"ఏమంటది, సంతోషపడ్తది."

"చర్చిల నలుగురు నాలుగు మాటలంటరు."

"అననియ్యుండ్రి. రెండు ఆదివారాలు అంటరు, మూడో ఆదివారం ఇంకో ముచ్చట దొరుకుతది."

"నాకు నైట్ డ్యూటీలుంటయ్. మూడు పూటలా వండిపెట్టుడు నాతోని కాదు."

"నేను వండుత. ఎంతసేపు నేర్చుకునుడు!"

లలిత ఆయన ముఖంలోకి చూసింది. ఏ ప్రశ్న వేసినా ఒకే వెలుగు. అప్పుడే బస్సు దిగిన పిల్లల ముఖాల్లో ఉన్న వెలుగే.

"సార్, ఇప్పుడు మిమ్ముల ఏదడిగినా మంచిగనే అయితదంటరు. సైకిలెక్కి కాశ్మీర్ పోదామన్నా సై అంటరు. ఇయ్యాల నన్ను అడిగేది మీరు కాదు, ఆ కప్పు."

"గట్లంటరేంది!"

"వార్డుల రోజు చూసే ముచ్చటే చెప్తున్న. మోకాలి ఆపరేషన్‌కు వచ్చిన పెద్దమనిషి పొద్దుగాల మనవడొచ్చి నవ్విచ్చి పోతే 'చెయ్యుండ్రి సిస్టర్, ఏం గాదు' అంటడు. మాపటికి పక్క మంచమాయన మూలిగితే 'నన్ను ఇంటికి తోలుండ్రి, నేను బతుక' అంటడు. గదే మోకాలు, గదే డాక్టర్. మారింది దినమొక్కటే."

"మరి ఎన్నడడగాలె?"

లలిత ఆలోచించింది. "ఏమీ జరగని దినం రాండ్రి. గెలుసుడు లేదు, ఓడుడు లేదు. ఎవ్వలూ మెచ్చుకోలే, ఎవ్వలూ తిట్టలే. గసొంటి దినం గూడ మీకు ఇదే మాట నోటికొస్తే, అప్పుడు నేను ఆలోచిస్త."

జయానందానికి అది సగం ఒప్పుకున్నట్టే వినబడింది. ఆ పూట ఆయనకు అన్నీ అలాగే వినబడుతున్నాయి. ఇంటికి పోయేదారిలో ముగ్గురిని ఆపి మరీ పలకరించాడు.

ఏమీ జరగని రోజు దొరకడం ఎంత కష్టమో ఆయనకు తర్వాత తెలిసింది. మర్నాడు ప్రార్థనలో హెడ్మాస్టరమ్మ అందరి ముందు శాలువా కప్పింది. ఆ రోజు పనికిరాదు. మూడో రోజు పేపర్లో పిల్లల ఫొటో పడింది, అదీ పనికిరాదు. ఆ వారమంతా ఎవరో ఒకరు ఆపి అభినందించారు. ఆ తర్వాతి వారం బడి ప్రహరీ మీదుగా పక్కింటి మేకలు దూకి ఆటస్థలంలో కొత్తగా నాటిన మొక్కల్ని తినేశాయి. ఆ రోజంతా ఆయన కోపంతో ఉడికిపోయాడు. అదీ పనికిరాలేదు.

రాష్ట్ర పోటీలు వచ్చాయి. మెదక్ పిల్లలు మొదటి ఆటలోనే ఓడిపోయారు.

తిరిగి వచ్చిన మధ్యాహ్నం జయానందం గోడల పక్కనుంచి నడిచి స్నేహితుడు లాజరు కొట్టుకు చేరాడు. లాజరు కాలిపోయిన బోరు మోటార్లకు మళ్ళీ తీగ చుట్టే పని చేస్తాడు. ఇద్దరూ చిన్నప్పటినుంచీ ఒకే వీధి. స్నేహితుడి వాలకం చూసి లాజరు స్టూలు జరిపాడు.

"అయిపోయిందిరా లాజరూ."

"ఒక్క ఆటనే గదరా ఓడింది."

"ఆట ముచ్చట కాదు. లలిత ముచ్చట. నేనేమో ఉరుక్కుంట పోయి అడిగిన గానీ, ఏం జూసి అడిగిన్నో తెల్వది. నాసొంటోనితోని ఆమెకేం సుఖం? రెండు నెలలకే ఇసుగొస్తది. నిస్సి ఇంటికి రాకుంట అయితది. ముసలమ్మ నా బాత్రూంల జారి పడ్తది. చర్చిల మొకమెత్తుకొని తిరగలేను."

లాజరు తీగ చుడుతూనే, "పోయిన నెల అన్ని మంచిగనే అయితయంటివి" అన్నాడు.

"పోయిన నెల నాకు కండ్లు మూసుకపోయినయ్."

"ఇయ్యాల తెరుసుకున్నయా?"

జయానందం ఫోన్ తీసి, స్టూలు మీద అటు తిరిగి కూర్చుని, లలితకు మెసేజ్ రాశాడు: "లలిత గారూ, నేను ఆ రోజు అడిగిన మాట మరిచిపోండి. మీకు ఇబ్బంది కలిగించాను. క్షమించండి."

జవాబు వెంటనే వచ్చింది. "ఇది గూడ లెక్కకు రాదు సార్. ఓడిపోయి వచ్చిన్రంట గదా. పొద్దుటి సంది ఏమన్న తిన్నరా? తిని పండుకోండ్రి. పిల్లల్ని తిట్టకుండ్రి."

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. ఫోన్ లాజరుకు చూపించాడు. లాజరు చదివి, కొట్టు షట్టరు సగం దించి, "దా, బువ్వ తిందాం" అని తన ఇంటికి తీసుకుపోయాడు.

రెండు రోజుల తర్వాత మనసు కాస్త కుదుటపడ్డాక ఆయన నిస్సికి ఫోన్ చేసి సంగతి చెప్పాడు. అంతా విని కూతురు ఒక్క మాట అడిగింది.

"మరి అమ్మ ఫోటో యాడ పెడ్తవ్ డాడీ?"

ఆయన హాల్లో సుశీల ఫొటో వైపు చూస్తూ నిలబడ్డాడు. నిస్సి ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది. ఇంక ఈ ముచ్చట మాట్లాడొద్దని ఆయన నిశ్చయించుకున్నాడు. కానీ పొద్దున్నే ఆమే మళ్ళీ చేసింది.

"డాడీ, నిన్న బాబుకు జ్వరముండె. రాత్రంతా నిద్రలేదు. నా ఏడుపు పట్టించుకోకు. లలిత ఆంటీ మంచిదే, నాకు తెల్సు. కానీ ఫోటో ముచ్చట మాత్రం ఉత్తగ అడగలే. దానికి జవాబు చెప్పాలె నువ్వు."

"చెప్త బిడ్డా. జర ఆలోచించి చెప్త."

ఎప్పుడూ లేనిది, ఆయన నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టాడు. అంతకుముందు గెలిచిన రోజున లలితతో కాపురం ఒక పండగలా కనబడింది, ఓడిన రోజున ఒక ప్రమాదంలా కనబడింది. ఇప్పుడు అదొక ఇల్లులా కనబడసాగింది. ఏ గదిలో ఎవరుంటారు, పొద్దున్నే నీళ్ళు ఎవరు పడతారు, నైట్ డ్యూటీ చేసి వచ్చినామె పగలు పడుకుంటే వీధిలో పిల్లల అల్లరి ఎలా ఆపాలి. డెబ్బై ఎనిమిదేళ్ళ నిర్మలమ్మ బాత్రూంలో దేన్ని పట్టుకుని లేస్తుంది. జారి పడుతుందని లాజరు దగ్గర ఏడ్చినవాడు, ఈసారి టేపు తీసుకుని బాత్రూం గోడ కొలిచాడు.

ఆషాఢంలో ఒక మంగళవారం. పొద్దున పిల్లల్ని వరుసల్లో నిలబెట్టాడు. మబ్బు పట్టింది కానీ వాన రాలేదు. రెండు పీరియడ్లు ఆటలు, ఒక పీరియడు సెలవు పెట్టిన టీచరు బదులు క్లాసులో కాపలా. మధ్యాహ్నం బడిలో పెట్టిన అన్నం, పప్పు. బాగుందని అనలేం, బాగాలేదనీ అనలేం. బడి వదిలాక బజారులో సబ్బు కొన్నాడు. సబ్బు సంచిలో వేసుకుంటుంటే ఆయనకు హఠాత్తుగా తట్టింది. ఈ రోజు ఏమీ జరగలేదు. మనసులో వెతుక్కున్నాడు. సంతోషం లేదు, దిగులూ లేదు. లలితను పెళ్ళి చేసుకోవాలన్న కోరిక మాత్రం పొద్దున్నుంచీ ఎక్కడికీ పోకుండా అక్కడే కూర్చునుంది.

దారిలో ఎవరినీ ఆపలేదు, ఎవరినీ తప్పించుకోలేదు. మామూలుగా నడిచి ఆ ఇంటికి వెళ్ళాడు.

వరండాలో నిర్మలమ్మ ఆయన్ను చూసి పెదాల మీద వేలు పెట్టింది. దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. "లోపట కూసున్నది. పొద్దుగూకంగ వచ్చింది, లైటు సుత ఏసుకోలే. చాయ తాగలే. దవాఖానల ఎవలో పోయిన్రంట. నాతోని చెప్తలేదు. నువ్వన్న పోయి మాట్లాడు బిడ్డా."

జయానందం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లలిత మంచం అంచున యూనిఫాం కూడా మార్చుకోకుండా కూర్చునుంది.

"సార్, ఇయ్యాల ఏం అడగకుండ్రి."

"అడగ."

ఆమే మొదలుపెట్టింది. "శివ్వంపేట పెద్దాయన, ఎల్లం. మోకాలి ఆపరేషన్. భయపడుతుండె. నెల దినాలు వద్దు వద్దన్నడు. నేనే ఒప్పిచ్చిన. ఆయన వంతు మొన్న వచ్చింది."

"ఆపరేషన్ల ఏమన్న తప్పు జరిగిందా?"

"ఏం తప్పు లేదు. ఆపరేషన్ మంచిగనే అయింది. మూడొద్దులు మంచిగనే ఉండె. ఇయ్యాల పొద్దుగాల గుండె ఆగింది. డాక్టర్ ముందుగల్లనే చెప్పిండు, వెయ్యికి ఇద్దరికో ముగ్గురికో గట్లయితదని, వాళ్ళ కొడుక్కు, ఆయనకు, అందరికి. కానీ ఆ పెద్దాయన డాక్టర్ మాట ఇనలే సార్, నా మాటిన్నడు. నేను ఆ ఇద్దరు ముగ్గురి ముచ్చట చెప్పలే. 'ఏం గాదు పెద్దయ్యా, ఎగురుకుంట ఇంటికి పోతవ్' అన్న."

"ధైర్యం చెప్పుడు తప్పు కాదు గదా."

"ఎన్నడు చెప్పిన్నో ఎరుకేనా?" ఆమె తల ఎత్తింది. "మీరు కప్పు పట్టుకొచ్చి నన్ను అడిగిన మర్నాడు. ఆ పొద్దు నా మనసు ఎంత మంచిగుండెనో మీకు చెప్పలే. వార్డుల పాట పాడుకుంట తిరిగిన. ఎవలి మొకం చూసినా మంచిగనే అయితదనిపిచ్చింది. ఆ సంబురంల చెప్పిన సార్ నేను. మీకేమో పెద్ద నీతులు చెప్తి. నేను జేసింది గదే."

ఇలాంటప్పుడు జయానందం మామూలుగా ఎదుటివాళ్ళకంటే ముందే కుంగిపోతాడు. ఈసారి కుంగలేదు. ఆమె ఎదురుగా చిన్న స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"ఆయన ఇంటోళ్ళు ఏమన్నరు?"

"ఆయన భార్య బాలలక్ష్మి నా చెయ్యి పట్టుకున్నది. 'పదేండ్లు పాక్కుంట తిరిగిండు బిడ్డా, మొన్న నాలుగడుగులు ఏసి సంబురపడ్డడు' అన్నది. తిట్టినా మంచిగుండు. గట్లనేసరికి నాతోని కాలే." ఆమె ముఖం తిప్పుకుంది. "ఇప్పుడు మీరు అడిగితే వద్దనే అంట సార్. ఏం జేసినా చెడ్డనే అయితదనిపిస్తుంది. మిమ్ముల జేసుకుంటే మీకేదో అయితదనిపిస్తుంది. అత్తమ్మకు ఏదో అయితదనిపిస్తుంది."

"ఇయ్యాల నేను అడగలే, మీరు చెప్పలే. చాయ పెట్టనా?"

ఆమె వద్దనలేదు. ఆయన వంటింట్లోకి పోయి డబ్బాలన్నీ తీసి చూసి, టీపొడి వెతికి, ముగ్గురికీ చాయ పెట్టాడు. చక్కెర ఎక్కువైంది. నిర్మలమ్మ ఒక గుక్క తాగి ముఖం చిట్లించి, కోడలు తాగుతోందని చూసి ఊరుకుంది. బాగా చీకటి పడ్డాక ఆయన లైటు వేసి, గ్లాసులు కడిగి బోర్లించి, చెప్పులేసుకున్నాడు.

లోపలినుంచి లలిత అడిగింది. "రేపు వస్తరా సార్?"

"వస్త."

వచ్చాడు. ఆ తర్వాతి రోజూ వచ్చాడు. వారంలో ఎక్కువ సాయంత్రాలు వచ్చాడు. పెళ్ళి మాట ఎత్తలేదు. ఒక రోజు లలితను బండి మీద శివ్వంపేట తీసుకుపోయాడు. ఆమె బాలలక్ష్మి పక్కన చాలాసేపు కూర్చుని మాట్లాడుతుంటే, ఆయన వాకిట్లో చింతచెట్టు నీడన నిలబడ్డాడు. తిరుగుదారిలో మెదక్ పొలిమేర చేరాక లలిత, "వార్డుల ఇంక ఏం గాదు అని చెప్పలేను సార్. 'నేను పక్కనుంట' అని మాత్రం చెప్త" అంది. ఆయన సరేనన్నట్టు తల ఊపాడు.

శ్రావణం వచ్చింది. ఒక సాయంత్రం వరండాలో ముగ్గురూ కూర్చున్నారు. లలిత ఆ రోజు దవాఖానలో కొత్త మేనేజరుతో గొడవపడి వచ్చింది. జయానందానికి గొంతునొప్పి. ఇద్దరూ ముభావంగా ఉన్నారు. నిర్మలమ్మ వాళ్ళను ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసింది. చేతికర్ర నేలకేసి కొట్టింది.

"ఏమయ్యా జయానందం, ఇంకెన్నడు అడుగుతవ్?"

"ఇయ్యాల లలిత గారి మనసు మంచిగ లేదు అత్తమ్మా."

"ఆమె మనసు మంచిగుంటె నీ మనసు మంచిగుండది. ఇద్దరివి మంచిగుంటె 'అరె, సంబురంల ఉన్నం' అంటరు. ఏమీ జరగని దినం కావాలంటిరి. నేను బొందల పండుకున్నంక వస్తదా అది?"

"అత్తమ్మా!" అంది లలిత.

"ఆగు. జర నన్ను చెప్పనియ్యి." ఆవిడ జయానందం వైపు తిరిగింది. "గెలిచిన్నాడు ఎవలి కాడికి ఉరికొచ్చినవ్?"

"ఇక్కడికే."

"ఓడిన్నాడు ఎవలికి మెసేజ్ కొట్టినవ్?"

నిర్మలమ్మ కోడలి వైపు తిరిగింది. "ఆ పెద్దమనిషి పోయిన్నాడు నాతోని సుత మాట్లాడకపోతివి. ఈయనను రేపు వస్తరా అని అడిగితివి. నేను ఇనలేదనుకుంటున్నవా? నాకు చూపు తక్కువయింది గానీ చెవులు మంచిగనే ఉన్నయ్. ఇంకేం దినం కావాలె మీకు? నాకు తెల్వదు, మీరే చెప్పుండ్రి."

వీధిలో ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది. లలిత నేల వైపు చూస్తూ, పెళ్ళితో ఏ సంబంధమూ లేనట్టు అడిగింది.

"మీ బాత్రూంల అత్తమ్మ పట్టుకునేటందుకు ఏమన్న ఉన్నదా?"

"ఉన్నది. స్టీలు రాడ్. పోయిన నెల లాజరు, నేను గోడకు బిగిచ్చినం."

లలిత తల ఎత్తింది. "పోయిన నెలనా? నేను ఒప్పుకోలే గదా."

"ఒప్పుకోకున్నా, అత్తమ్మ ఎన్నడన్న మా ఇంటికి బువ్వకొస్తే పనికొస్తదనుకున్న."

నిర్మలమ్మ చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని వేరే వైపు చూసింది. జయానందం గొంతునొప్పితోనే, తడబడుతూ మాట్లాడాడు. "సుశీల ఫోటో హాల్లనే ఉంటది లలిత గారూ. తియ్య. నిస్సికి గదే చెప్పిన. మీ ఆయన ఫోటో సుత తెచ్చుకోండ్రి, పక్కపక్కకు పెడ్దాం. నాకు ఓడిపోతే రెండు దినాలు మాట రాదు, మీకు ఇసుగొస్తది. నాకు వంట ఇంక రాలే. నిస్సి ముందుగల్ల జర దూరం దూరం ఉంటది గావచ్చు. చర్చిల మూడో ఆదివారానికి మరిచిపోతరంటిని గదా, మరిచిపోకపోవచ్చు."

లలిత ఈసారి తన భయం దాచుకోలేదు.

"నాకు బుగులైతుంది సార్."

"నాకు సుత."

"ఎంత?"

"మస్తు."

లలిత నవ్వింది. ఆ పూట ఆమె నవ్వడం అదే మొదటిసారి. "అయితే సరే. పెండ్లి చేసుకుందాం. మొన్న అడిగిన్నాడు మీకు జరంత బుగులు సుత లేకుండె. అందుకే ఇద్దరి బుగులు నేనొక్కదాన్నే పడవలసి వచ్చింది."

"మరి సార్ అనుడు?"

"అది బంద్ చేస్తనో లేదో చెప్పలేను."

చర్చిలో పాస్టరు అయ్యగారు మూడు ఆదివారాలు వాళ్ళ పెళ్ళి ప్రకటన చదివారు. మొదటి ఆదివారం జయానందం పాటల బృందం వరుసలో నిలబడి, ఎవరివైపూ చూడలేక పాటల పుస్తకం తిరగేసి పట్టుకున్నాడు. రెండో ఆదివారం ఎవరో వెనక బెంచీలో కిసుక్కుమన్నారు. ఇంటికి వచ్చాక లలిత, ఇదంతా వద్దనుకుందామా అంది. చాయ తాగాక, అన్న మాట వెనక్కి తీసుకుంది. మూడో ఆదివారం సిద్దిపేట నుంచి నిస్సి వచ్చి లలిత పక్కన కూర్చుంది. ప్రకటన మధ్యలో బాబు చెప్పు విసిరేయడంతో దాన్ని వెతకడంలో ఇద్దరూ అయ్యగారి మాటలు వినలేదు.

పెళ్ళి శనివారం పొద్దున్న జరిగింది. లాజరు సాక్షి సంతకం పెట్టాడు. ఖోఖో పిల్లలు దండలు తెచ్చారు.

తర్వాత ఎలా జరిగిందంటే, గెలిచిన రోజు జయానందం ఊహించినట్టూ జరగలేదు, ఓడిన రోజు ఊహించినట్టూ జరగలేదు. చర్చిలో నాలుగు మాటలు అనేవాళ్ళు అననే అన్నారు. నిస్సి నెల రోజులు ఫోన్లో ముక్తసరిగా మాట్లాడి, తర్వాత లలితకే నేరుగా ఫోన్ చేసి బాబు దగ్గు గురించి అడగడం మొదలుపెట్టింది. నిర్మలమ్మ జారి పడలేదు. కానీ ఆమెకు కొత్త ఇంట్లో నిద్ర పట్టలేదు. ఎవరూ అనుకోని చిక్కు అది. నలభై ఏళ్ళు ఒకే వీధిలో, ఒకే గడప ముందు కూర్చున్న మనిషి. ఇక్కడ అన్నీ ఉన్నాయి, ఆ గడప లేదు. పగలంతా కుర్చీలో కూర్చుని గేటు వైపు చూసేది. అడిగితే ఏం లేదు బిడ్డా అనేది. అన్నం సగం వదిలేసేది.

లలిత భయపడిపోయింది. తప్పు చేశామేమో అని రెండు రోజులు సరిగా తినలేదు. జయానందం బడినుంచి వచ్చి, బూట్లు విప్పి, నిర్మలమ్మ చెప్పులు తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు.

"దా అత్తమ్మా, మీ వాడకు పోయొద్దాం."

"గంత దూరం నేను నడుస్తనా?"

"నిమ్మళంగ పోదాం. ఆగుకుంట పోదాం."

అప్పటినుంచీ రోజూ సాయంత్రం అదే పని అయింది. చర్చి వెనక వీధిలో పాత ఇంటి పక్కన రాజమణి అని నిర్మలమ్మ వయసామె ఉంటుంది. ఆమె అరుగు మీద నిర్మలమ్మను కూర్చోబెట్టి, జయానందం కాస్త దూరంలో గోడకు ఆనుకుని ఫోన్ చూసుకుంటూ నిలబడతాడు. ఇద్దరు ముసలమ్మలు ఊళ్ళో సంగతులన్నీ మాట్లాడుకుంటారు. డ్యూటీ అయిపోతే లలిత కూడా నేరుగా అక్కడికే వస్తుంది. ముగ్గురూ కలిసి తిరిగి నడుస్తారు. నిర్మలమ్మకు నిద్ర పట్టసాగింది.

ఒక రోజు రాజమణి అడిగింది. "కొత్తిల్లు ఎట్లున్నదే నిర్మలా?"

"ఇంటికేమైంది, మంచిగనే ఉన్నది. నీళ్ళే జర ఉప్పగున్నయ్. గోడలకు ఆ పచ్చ రంగు నాకు నచ్చలే." నిర్మలమ్మ గోడ దగ్గరున్న మనిషి వైపు తల ఊపి, తను మెల్లగా చెబుతున్నాననుకుంటూ, వీధంతా వినబడేలా అంది. "పిలగాడు మాత్రం మంచోడు."

యాభై ఏడేళ్ళ పిలగాడు ఫోన్లోంచి తల ఎత్తలేదు. అప్పుడే మలుపు తిరిగి వస్తున్న లలితకు మాత్రం ఆయన చెవులు ఎర్రబడటం అంత దూరంనుంచే కనబడింది.